కత్తి చేతికి రాకమునుపే

2019వ సంవత్సరము ఆగస్టు మాసములో మన దివిసీమలోని చల్లపల్లిలో, ఒక ప్రభుత్వ సంక్షేమ హాస్టలులో, మూడవ తరగతి చదువుచున్న పసివాడొకడు స్నానపు గదిలో గొంతు కోయబడి చనిపోయెను. తరువాత పోలీసువారు అదే హాస్టలులో పదవ తరగతి చదువుచున్న బాలుని పట్టుకొనిరి. పిల్లల నడుమ వచ్చిన చిన్న తగవే ఇంతకు తెచ్చినదని చెప్పిరి.

చల్లపల్లి మనకు పరాయి ఊరు కాదు. నాగాయలంకలో బస్సెక్కి అవనిగడ్డ దాటినచో గంటలో చేరుదుము. ఆ హాస్టలువంటి హాస్టళ్లలోనే మన కూలివారి బిడ్డలును, మన జాలరివారి బిడ్డలును ప్రతిరాత్రి నిద్రించుచున్నారు. అయినను ఆ వార్త విని మనము వారము దినములు బుగ్గలు నొక్కుకొంటిమి. ఎనిమిదవ దినమున మన పనులలో పడితిమి. అట్లు మరచుటకు మనకు సాయపడినవి మూడు జవాబులు. అవి మన సంఘములలో తిరుగులేని మాటలుగా చెల్లుచున్నవి. అవి పెద్దలమైన మనలను తప్పించుటకు పుట్టినవేగాని బిడ్డలను కాపాడుటకు పుట్టినవి కావు. ప్రియ పాఠకులారా, వాటిని ఒక్కొక్కటిగా పరీక్షింతము.

మొదటి జవాబు: "ఇది అమెరికా జబ్బండి అయ్యగారూ, మన దేశంలో ఎప్పుడైనా విన్నామా?" అనునది.

అమెరికాలో జరిగినది చిన్నది కాదు. 1999 ఏప్రిల్ 20న కొలరాడో రాష్ట్రములోని కొలంబైన్ ఉన్నత పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు తమ తోటి విద్యార్థులను 12 మందిని, ఒక ఉపాధ్యాయుని కాల్చి చంపి, తామును కాల్చుకొని చచ్చిరి. 2012 డిసెంబరు 14న శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో 20 ఏండ్ల యువకుడు 20 మంది పసిపిల్లలను, ఆరుగురు పెద్దలను చంపెను. 2022 మే 24న టెక్సాసు రాష్ట్రములోని యువాల్డే పట్టణములో 18 ఏండ్లవాడు తాను పూర్వము చదివిన బడిలోనికే తుపాకితో వెళ్లి 19 మంది పిల్లలను, ఇద్దరు ఉపాధ్యాయినులను చంపెను. 2020 నుండి ఆ దేశములో ఏడాది నిండిన పిల్లల మరణములకు రోగములకంటెను, రోడ్డు ప్రమాదములకంటెను తుపాకియే పెద్ద కారణమైనది.

అయితే ఆ జబ్బు లోపల ఏమున్నదో మనము చూచితిమా? ఆ దేశపు సీక్రెట్ సర్వీసువారును, విద్యాశాఖవారును కలిసి 1974 నుండి 2000 వరకు అచ్చటి పాఠశాలలలో జరిగిన 37 దాడులను పరిశోధించి 2002లో నివేదిక ప్రకటించిరి. దాడిచేసిన పిల్లలలో నూటికి 71 మంది తాము పూర్వము హేళనకో, హింసకో, గాయమునకో గురియైనట్లు తలంచినవారే. నూటికి 68 మందికి తుపాకి దొరికినది తమ ఇంటిలోనో, బంధువుల ఇంటిలోనో. ఇక నూటికి 81 సందర్భములలో, వాడు ఏదో చేయబోవుచున్నాడని ముందుగా కనీసము ఒక్కరికైనను తెలిసియుండెను. ఆ తెలిసినవారు తరచుగా స్నేహితులు, తోటి విద్యార్థులు, అన్నదమ్ములు.

ఇందులో అమెరికా జబ్బు ఎంత? అవమానము మ్రింగుకొన్న కుర్రవాడు అమెరికాలోనే ఉన్నాడా, మన ఊరి బడిలో లేడా? తెలిసియు నోరు మెదపని స్నేహితుడు మన హాస్టలులో లేడా? ఈ మూడింటిలో అమెరికాకు ప్రత్యేకమైనది ఒక్కటే, అది ఇంటింట తుపాకి. మిగిలిన రెండును మన పెరటిలోనే మొలచియున్నవి.

తుపాకి సంగతియు స్పష్టముగా చెప్పవలెను. "తుపాకి ఏమి చేయును, చంపునది మనుష్యుని మనస్సు గదా" అని వాదించువారు ఉన్నారు. శాండీ హుక్‌లో ఘోరము జరిగిన అదే దినమున, అనగా 2012 డిసెంబరు 14ననే, చైనా దేశములోని హెనాన్ రాష్ట్రమున ఒక పల్లెబడిమీద ఒకడు కత్తితో పడి 20 మందికి పైగా పిల్లలను గాయపరచెను. వారిలో ఒక్కరును చనిపోలేదు. రెండుచోట్లను మనస్సు చెడినదే, ఆయుధము వేరు. ఒకచోట శవపేటికలు, ఒకచోట కట్టుకట్టిన గాయములు. ఆయుధము చేతికందు దూరములో ఉండుట కూడ ఒక కారణమే. మన దేశములో 1959 నాటి ఆయుధ చట్టము తుపాకిని సామాన్యుని ఇంటికి దూరముగా ఉంచినది. ఆ కట్టుబాటు మన బిడ్డలకు గొప్ప మేలు. ఆ కట్టు తెగినచోట ఏమగునో కూడ చూచితిమి. 2007 డిసెంబరు 11న ఢిల్లీ ప్రక్కనున్న గుర్గాంవ్‌లో ఎనిమిదవ తరగతి బాలురు ఇద్దరు తమ తోటి విద్యార్థిని బడిలోనే కాల్చి చంపిరి. ఆ తుపాకి వారిలో ఒకని తండ్రిదే. బాలుడు మనవాడు, బడి మనది, తగవు మనది. కనుక "మన దేశములో ఎప్పుడైనా విన్నామా" అను మాట ఇక చెల్లదు.

రెండవ జవాబు: "సినిమాలూ సెల్‌ఫోనులూ పాడుచేశాయండి."

2012 ఫిబ్రవరి 9న చెన్నపట్టణములో తొమ్మిదవ తరగతి బాలుడు తన ఉపాధ్యాయినిని తరగతి గదిలో కత్తితో పొడిచి చంపినప్పుడు, వాడు చూచిన ఒక హిందీ సినిమామీద పత్రికలు చాల వ్రాసెను. వాని చదువు బాగుగా లేదని ఆమె తలిదండ్రులకు వ్రాసి పంపుచుండెననియు ఆ పత్రికలే వ్రాసెను. జనులు మొదటిదానిని పట్టుకొని రెండవదానిని విడిచిరి. ఏలయనగా మొదటిదానిలో తప్పు బొంబాయివారిది. రెండవదానిలో ఇంటిని, బడిని కూడ ప్రశ్నింపవలసివచ్చును. ఆ సినిమాను లక్షలమంది పిల్లలు చూచిరి. వారు తమ పంతులమ్మలకు నమస్కరించి బడికి పోయిరి. జపాను దేశపు పిల్లలును, దక్షిణ కొరియా పిల్లలును ఫోనులో కాల్పుల ఆటలు అమెరికా పిల్లలవలెనే ఆడుచున్నారు. ఆ దేశములలో పాఠశాలలో తుపాకి ప్రేలుట మిక్కిలి అరుదు. ఆటయే కారణమైనచో అచ్చటను శ్మశానములు నిండియుండవలెను గదా.

అట్లని నేను సినిమావారికి యోగ్యతాపత్రము ఇచ్చుటలేదు. రక్తము కారుచున్న కత్తి చేతబట్టిన కథానాయకుని బొమ్మ మన ఊరి నాలుగురోడ్ల కూడలిలో రెండు నిలువుల ఎత్తున నిలబెట్టినది ఎవరు? చందాలు ఎత్తి దానికి దండలు వేసినది ఎవరు? మన సంఘపు యువకులు కారా? పుట్టినరోజు కేకును తల్వారుతో కోయుట మన రాష్ట్రములో వేడుకయైనది. పోలీసువారు కేసులు పెట్టినను ఆగలేదు. కొడుకును ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తెరమీద తల తెగినప్పుడు ఈలవేసిన తండ్రి, ఆ కొడుకు రేపు కత్తి పట్టినప్పుడు దర్శకుని తిట్టుట న్యాయమా? సినిమా కోపమును పుట్టింపదు. పుట్టిన కోపమునకు ఒక దారి చూపును. ఆ దారిలో నడచుట మగతనమని చెప్పును. కాదని చెప్పవలసిన తండ్రి ఈలవేసినచో, తెరమీది మాటకు ఇంటి సాక్ష్యము దొరికినట్లే.

మూడవ జవాబు మన సంఘములలో అన్నిటికంటె ఇష్టమైనది: "బెత్తం పోయిందండి, భయం పోయింది." 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించినది గనుక పిల్లలు చెడిపోయిరని వీరి వాదము. దీనికి సామెతల గ్రంథమును సాక్ష్యము తెత్తురు కూడ.

సోదరులారా, బెత్తము పిల్లవానికి ఏమి బోధించుచున్నదో నిదానముగా ఆలోచించుడి. బలముగలవాడు బలహీనుని కొట్టవచ్చును, కొట్టినవానిని ఎవరును అడుగరు అను పాఠమునే బోధించుచున్నది. ఆ పాఠమును పదవ తరగతివాడు మూడవ తరగతివానిమీద అప్పచెప్పును. పెద్ద పిల్లలకు చిన్నపిల్లలమీద పెత్తనమిచ్చి "వీళ్లను నువ్వు చూసుకోరా" అని పెద్దలు పోయి పండుకొను పద్ధతి మన హాస్టళ్లలో ఉన్నది. మన మిషను బోర్డింగులలోను ఉండెను. 1843లో రాబర్టు నోబులు దొరగారు మచిలీపట్నములో బడి పెట్టిన నాటినుండి ఈ డెల్టాలో చదువు చెప్పుట మన సంఘములకు గర్వకారణము. ఆ గర్వముతోపాటు, బోర్డింగులో పెద్దవాని చేతిలో దెబ్బలు తిని దుప్పటిక్రింద ఏడ్చిన చిన్నవాని మాటయు మనము తలంచుకొనవలెను.

ఇంకొక మాట. బెత్తమే రక్షణయైనచో బెత్తమున్నచోట ఈ ఘోరము జరుగరాదు. యువాల్డే ఉన్న టెక్సాసు రాష్ట్రపు చట్టము బడిలో పిల్లలను కొట్టుటను నేటికిని పూర్తిగా నిషేధింపలేదు. అచ్చటనే 19 మంది పిల్లలు పడిపోయిరి. ఇక సామెతల మాట. గొఱ్ఱెలకాపరి దుడ్డుకఱ్ఱ తోడేలుమీద లేచుటకును, దారి తప్పిన గొఱ్ఱెను మరలించుటకును చేయబడినది. గొఱ్ఱె వీపు బ్రద్దలుకొట్టు కాపరికి యజమానుడు జీతమిచ్చునా? క్రమశిక్షణ వేరు, దెబ్బ వేరు. క్రమశిక్షణకు ప్రతిదినము పిల్లవాని ప్రక్కన నిలుచు పెద్దవాడు కావలెను. దెబ్బకు ఒక్క నిమిషము, ఒక కఱ్ఱ చాలును. సులువైనది గనుకనే అది మనకు ప్రియమైనది.

మూడు జవాబులును పోయినవి. మరి కారణమేమి? ఒక్క కారణము చెప్పువానిని నమ్మకుడి. నాలుగు పాయలు కలిసి ఈ వరద వచ్చుచున్నది. ఎవరికిని చెప్పుకొనలేని అవమానము మొదటిది. దానిని చూచియు అడుగని పెద్దలు రెండవది. కోపమే మగతనమని చెప్పు లోకము మూడవది. చేతికందు దూరములో ఉన్న ఆయుధము నాలుగవది. మొదటిదానిని మనము పూర్తిగా తీసివేయలేము, పిల్లలున్నచోట తగవులుండును. మూడవది ఒక్కరోజులో మారదు. కాని రెండవదియు నాలుగవదియు నేటిసాయంకాలమే మన చేతిలో ఉన్నవి.

2021 నవంబరు 30న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఆక్స్‌ఫర్డు ఉన్నత పాఠశాలలో 15 ఏండ్ల విద్యార్థి నలుగురు తోటివారిని కాల్చి చంపెను. ఆ తుపాకి తండ్రి నాలుగు దినములక్రితమే కొన్నది. ఆ ఉదయముననే వాని కాగితముమీద తుపాకి బొమ్మయు, సహాయము కోరు మాటలును ఉపాధ్యాయిని చూచినది. తలిదండ్రులను పిలిపించిరి. వారు వచ్చి, చూచి, బిడ్డను ఇంటికి తీసికొనిపోక తిరిగి వెళ్లిరి. పాఠశాలవారు వాని సంచి వెదకక తరగతికి పంపిరి. కొన్ని గంటలకే నలుగురి ప్రాణములు పోయినవి. 2024లో న్యాయస్థానము తల్లికిని తండ్రికిని చెరి 10 నుండి 15 సంవత్సరముల చెరసాల విధించినది. బిడ్డ బడిలో చేసిన సామూహిక హత్యకు తలిదండ్రులు నరహత్యానేరస్థులగుట ఆ దేశములో అదియే మొదలు. ఆ తీర్పు సముద్రముల ఆవలిది. దాని ప్రశ్న మాత్రము మన గుమ్మములో నిలుచున్నది: నీ బిడ్డ వ్రాసిన కాగితము నీవు చదివితివా?

మొదటి హత్య ఎక్కడ జరిగినదో మన బడిపిల్లలకును తెలియును. అచ్చట సినిమా లేదు, ఫోను లేదు, అమెరికా లేదు. ఒక అన్న, ఒక తమ్ముడు, తిరస్కరింపబడితినని ఒకనికి కలిగిన అవమానము మాత్రమే ఉన్నవి. ఆ కథలో మనము తరచుగా దాటిపోవు సంగతి ఒకటి కలదు. తమ్ముడెక్కడ అని దేవుడు కయీనును హత్య తరువాత అడిగెనని అందరికిని జ్ఞాపకమే. హత్యకు ముందును ఆయన కయీనుతో మాటలాడెను. వాని ముఖము వాడియుండుట చూచి, కోపమేలయని అడిగెను. పాపము గుమ్మముదగ్గర పొంచియున్నదని హెచ్చరించెను. కయీను వినలేదు, అది వాని పాపము. కాని అడుగవలసినవాడు అడిగెను. మన ఇండ్లలో, మన హాస్టళ్లలో రెండవ ప్రశ్నయే వినబడుచున్నది. మొదటి ప్రశ్న వినబడదు. శవము పడిన తరువాత వందమంది అడుగుదురు. ముఖము వాడినప్పుడు అడుగువాడెవడు? అబ్షాలోము తన అన్నమీది పగతో రెండు సంవత్సరములు అతనితో మంచి చెడ్డ ఏమియు మాటలాడలేదు. దావీదువంటి రాజు ఇంటిలో ఆ రెండేండ్ల మౌనమును విప్పినవాడు లేకపోయెను. తరువాత జరిగినది మీరెరుగుదురు.

దివిసీమవారికి ఈ సంగతి వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలమందిని మ్రింగినది. ఆ తరువాత మనము ఎవరి పాపముచేత సముద్రము పొంగెనని తర్కించుచు కూర్చుండలేదు. తుపాను రక్షణ భవనములు లేచెను. నేడు మచిలీపట్నము ఓడరేవులో ప్రమాద సూచిక ఎగురవేసిరని వినగానే జాలరివారు పడవలు ఒడ్డుకు చేర్చుదురు. ముసలివారిని, పసివారిని ముందు తరలింతురు. గాలి లేవకమునుపే సూచిక చూచి కదలుట మనము వేల శవములు పూడ్చి నేర్చుకొన్న పాఠము. పిల్లవాని ముఖముమీదను సూచికలు ఎగురును. తినుట మానును. ఆటకు పోడు. చిన్నవానిని మాటిమాటికి కొట్టును. "వాడి అంతు చూస్తా"నని స్నేహితునితో అనును. పెట్టెలో కత్తి దాచును. ఈ సూచికలను మనము చూచి, "కుర్రతనం, వాడే సర్దుకుంటాడులే" అందుము. తుపాను విషయములో ఇట్లు పలుకువానిని మనము బుద్ధిహీనుడందుము గదా.

కనుక సంఘములు చేయదగిన పనులు కొన్ని ముందుంచుచున్నాను. మొదట, ప్రతి సంఘమును తన సమీపములోని హాస్టలును తనదిగా ఎంచవలెను. ఆ పిల్లలు ఏ కులమువారైనను, ఏ మతమువారైనను, వార్డెనుగారి అనుమతితో పెద్దలు, స్త్రీల సమాజమువారు వారమునకొకసారి వెళ్లి, ప్రసంగము చేయుటకు గాక, పిల్లల ప్రక్కన కూర్చుండి వినుటకు సమయమియ్యవలెను. రాత్రివేళ అచ్చట బాధ్యతగల పెద్దవాడు నిద్రించుచున్నాడా లేడా అని అధికారులను మర్యాదగా, విడువక అడుగవలెను. రెండవది, ఇంటిలో కొబ్బరిబొండాల కత్తి, కొడవలి, చేపలకత్తి పని ముగియగానే భద్రపరచవలెను. మూడవది, స్నేహితుని ప్రమాదమును పెద్దలకు చెప్పుట చాడీ కాదు, వాని ప్రాణము కాపాడుటయని ఆదివారపు బడిలో నేర్పవలెను. ఇంటిలో చెప్పుకొనలేని బిడ్డకు 1098 అను బాలల సహాయ నంబరు కలదని ప్రతి పిల్లవానికి కంఠతా రావలెను. నాలుగవది, త్రాగి వచ్చి భార్యను కొట్టు పురుషుని సంఘము పిలిచి నిలదీయవలెను. ఆ ఇంటి బిడ్డ బడికి తెచ్చు మొదటి పాఠము ఆ దెబ్బయే.

కడపట ఒక కఠినమైన మాట. ఇట్టి ఘోరము జరిగినప్పుడు "వాణ్ణి ఉరితీయండి" అని కేకలు వేయుదురు. మన దేశపు చట్టము ప్రకారము 16 ఏండ్లు నిండని బాలుడు ఎంత ఘోరము చేసినను బాలల న్యాయమండలి ఎదుటికే పోవును. ప్రత్యేక గృహములో మూడు సంవత్సరములకు మించి ఉంచరు. పిమ్మట వాడు తిరిగివచ్చును. ఎక్కడికి? మన ఊళ్లలోనికే. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ఒక వీధిలో, చంపినవాని తల్లి ఇంకొక వీధిలో, ఇద్దరును ఒకే పంపుదగ్గర నీళ్లు పట్టుకొనవలసిన ఊళ్లు మనవి. మొదటి తల్లి కన్నీటిని తేలికచేయు క్షమాపణ బోధను నేను బోధింపను. ఆమె దుఃఖమునకు మన సంఘము ఆయుష్కాలమంతయు ఋణపడియున్నది. అయినను దేవుడు కయీనును శిక్షించియు, వానిని ఎవరును చంపకుండ గురుతు వేసెను. ఆ గురుతు మనము చదువనేర్చుకొనవలెను. మూడేండ్ల తరువాత వచ్చువానికి మనము పని చూపక, పలుకరింపక, వెలివేసినచో, రెండవ హత్యకు నేల దున్నుచున్నాము.

నేటిరాత్రి దీపమార్పకమునుపు మీ ఇంటిలోని పిల్లవాని ముఖము ఒకసారి చూడుడి. అది వాడియున్నచో, ఏమి జరిగినదని అడుగుడి. అడిగి, వాడు చెప్పు వరకు ప్రక్కనే కూర్చుండుడి.